ముందు గోత్రం, తర్వాత ప్రేమ

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన ఖమ్మం జిల్లావాళ్ళం నలుగురం కలిశామంటే, భోజనాలయ్యాక ఒక సంతాప తీర్మానం చేయనిదే లేవం. డేటింగ్ యాప్‌లు వచ్చి ప్రేమను అంగడి సరుకు చేసేశాయట. మా చిన్నప్పటి టీవీయే నయమట. ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే బజారు బజారంతా ఒకే ఇంట్లో కూర్చునేదట, మనుషుల మధ్య ఆప్యాయత అంటే అదేనట. నలభై దగ్గరపడినా సంబంధం కుదరనివాళ్ళు, ఒకటి చెడి రెండోది వెతుక్కుంటున్నవాళ్ళు ఈ మాట మరీ గట్టిగా అంటారు. అంటూనే బల్ల కింద బొటనవేలితో ఫొటోలు అటూ ఇటూ తోసేస్తుంటారు. ఈ తీర్మానాన్ని నేను బలపరచలేను. యాప్ మన ప్రేమను చెడగొట్టిందనడం దానికి లేని గొప్ప అంటగట్టడమే. మన ఇళ్ళలో తాతల నాటి నుంచీ ఉన్న చిట్టాను అది ఫోన్లోకి ఎక్కించింది, అంతే.

ముందు ఆ టీవీ సంగతి చూద్దాం. రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31న ముగిసింది. అదీ హిందీలో. డాబా మీద ఒకడు అల్యూమినియం యాంటెన్నా తిప్పుతూ ‘బొమ్మ వచ్చిందా?’ అని అరిస్తే, కింద నుంచి ‘చుక్కలే!’ అని జవాబు. కాస్త బొమ్మ కుదిరిందనుకునేసరికి ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న పలక. అయినా ఎవరూ లేచిపోలేదు. భక్తి అంటాం. ఉండే ఉంటుంది. కానీ లేచి ఎక్కడికి పోతారు, రెండో చానెల్ ఉంటేగా? 1995లో జెమిని, ఈటీవీ వచ్చి, ఆ తర్వాత చేతికి రిమోట్ చిక్కాక, అదే భక్తజనం ప్రకటన పడితే చాలు చానెల్ మార్చడం నేర్చింది. 2020 మార్చి 28 నుంచి దూరదర్శన్ అదే రామాయణాన్ని మళ్ళీ వేస్తే దేశం మళ్ళీ బుద్ధిగా కూర్చుంది. అప్పుడూ లాక్‌డౌన్‌లో వీధిలోకి వెళ్తే లాఠీ, ఇంట్లో ఉంటే కొత్త సీరియళ్ళు బంద్. గత్యంతరం లేక చూసినవాటిని ముప్పై ఏళ్ళ తర్వాత ఇష్టపడి చూసినట్టు చెప్పుకోవడం మనకు అలవాటు. పెద్దలు కుదిర్చిన పాతకాలపు పెళ్ళిళ్ళ మీద మనం కురిపించే మురిపెంలోనూ ఈ పాలు కాస్త ఎక్కువే.

ఇక యాప్ తెచ్చిన స్వేచ్ఛ. 1997లో అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మురుగవేల్ జానకిరామన్ తమిళుల కోసం ఒక సైటు పెట్టి, అందులో ఒక మూల పెళ్ళి ప్రకటనలకు చోటిచ్చారు. జనం వచ్చి పడింది ఆ మూలకే. అదే తర్వాత భారత్ మ్యాట్రిమొనీ అయింది. ఆయనకు పెళ్ళీ అందులోనే కుదిరింది. ఆ తర్వాత భాషకో సైటు, అది చాలక కులానికో సైటు. ఒక్క ప్రొఫైల్ తెరిచి చూడండి. కులం, ఉపశాఖ, గోత్రం, నక్షత్రం, పాదం, జీతం, వీసా. గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టైన ‘ఐ-140 అప్రూవ్డ్’ అన్న మాట వధూవరుల గుణగణాల్లో చేరింది. వాల్మీకి వర్ణించడం మరిచిపోయిన గుణం అది. ఇవన్నీ నిండాక అట్టడుగున, ‘నా గురించి’ అనే చోట, రెండు ముక్కలు: సింపుల్, సరదా మనిషిని.

అవి సంబంధాల సైట్లు, డేటింగ్ యాప్‌లు అలా కాదు కదా అంటారు. 2012లో వచ్చిన టిండర్‌లో కులం గడి లేని మాట నిజమే. తెలుగువాడికి గడి ఎందుకు, ఇంటిపేరు ఉండగా? ఇంటిపేరు దాచిపెడితే ఊరడుగుతాం. ఊరు చెబితే ఊళ్ళో ఎటువైపు అని అడుగుతాం. మూడో ప్రశ్నకు జాతకం చేతికొస్తుంది. చూసుకునే ఫొటోలు వందలు, తిరిగే గిరి మాత్రం అదే.

యాప్ వల్ల ఒక మేలు జరిగింది. దాన్ని ఒప్పుకోకపోతే అన్యాయం. వెనకటి పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పుల పళ్ళెం పట్టుకుని వచ్చిన అమ్మాయికి ఈ అబ్బాయి వద్దని చెప్పే వీలు చాలా ఇళ్ళలో ఉండేది కాదు. నచ్చలేదని కబురు పంపే హక్కు మగపెళ్ళివారిది. ఇప్పుడు ఆమె బొటనవేలూ అంతే వేగంగా కదులుతోంది. మనవాళ్ళ సంతాప తీర్మానంలో సగం బాధ ఇక్కడిదేనని నా అనుమానం.

అసలైన స్వేచ్ఛ ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా దాకా రానక్కర్లేదు. భద్రాచలం దాటితే చాలు. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు కోయ గూడేల్లో అమ్మాయీ అబ్బాయీ సంతలోనో జాతరలోనో కలుస్తారు. ఇష్టపడి వెళ్ళిపోతే ఊరిపెద్దలు కూర్చుని, తప్పు కట్టించి, ఒప్పుకునే ఆనవాయితీ ఉంది. సంప్రదాయంగా ఓలి ఇచ్చేది మగపిల్లవాడి వైపువాళ్ళు. పొసగకపోతే విడిపోవచ్చు, మళ్ళీ పెళ్ళాడొచ్చు. దాన్ని ఇంటి పరువు దాకా లాగరు. వీళ్ళను మనం చిన్నప్పటినుంచీ ‘వెనకబడినవాళ్ళు’ అన్నాం. అక్కడ అంతా స్వర్గమేమీ కాదు. తెగ లోపలా గోత్రాల కట్టుబాట్లున్నాయి, పిల్లను ఎత్తుకుపోయి చేసుకున్న పెళ్ళిళ్ళూ ఉన్నాయి, మైదానం నుంచి కట్నం జబ్బూ పాకుతోంది. అయినా, ఇష్టం ముందు, పంచాయితీ తర్వాత. మనం నెలనెలా డాలర్లు కట్టి వెతుక్కుంటున్న సదుపాయం ఇదే.

శ్రీరామనవమికి భద్రాద్రి కల్యాణం ప్రత్యక్ష ప్రసారం చూడటానికి మేల్కొని కూర్చుంటాం. అక్కడ మధ్యాహ్నం పన్నెండు, అభిజిత్ లగ్నం. డాలస్‌లో రాత్రి ఒంటిగంటన్నర. గోదావరి జిల్లాల భక్తులు గోళ్ళతో ఒలిచి పంపిన బియ్యం, ప్రభుత్వం సమర్పించే ముత్యాల తలంబ్రాలు చూసి చెంపలు వేసుకుంటాం. ఆ ముత్యాల ఆనవాయితీ గోల్కొండ సుల్తాను తానీషా కాలం నాటిదని చెబుతారు. భద్రగిరి మీద విగ్రహాలను మొదట చూసింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం. వీళ్ళిద్దరూ లేకుండా ఆ కల్యాణం ఊహించలేం. మన ప్రొఫైల్‌లో మాత్రం తానీషా మతం గడి దగ్గర, దమ్మక్క కులం గడి దగ్గర ఆగిపోతారు. కాబట్టి యాప్‌ను తిట్టబోయే ముందు ఆ రెండు గడులూ ఒక్క నెల ఖాళీగా వదిలి చూడండి. ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా కాదు, చెప్పి.