పటం వెనక నిజరూపం

తెలుగువాడికి చిరాకేస్తే "దాన్ని పటం కట్టించి గోడకి తగిలించుకో" అంటాడు. ఎదుటివాడి డిగ్రీ గురించో, కాలం చెల్లిన ప్రామిసరీ నోటు గురించో అనే మాట అది. అంటే ఎందుకూ కొరగానివాటికి ఆఖరి మజిలీ పటాలు కట్టే కొట్టన్నమాట. మనింట్లో అపురూపమైనవన్నీ కూడా అక్కడికే వెళ్తాయని తిట్టేవాడికి గుర్తుండదు. పెళ్లి ఫొటో, సింహాచలం అప్పన్న, పిల్లాడి పదో తరగతి గ్రూపు ఫొటో, రిటైరైన పెద్దాయనకి తోటివాళ్లిచ్చిన సన్మానపత్రం, మరికొన్నేళ్లకి దండతో సహా ఆ పెద్దాయన. విశాఖ పక్కనున్న పరవాడలాంటి చోట ఈ గిరాకీ మరీ సహజం. 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ పుణ్యమా అని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఇళ్లు కట్టుకున్నారు, అద్దెకి దిగారు. కొత్త గోడ కనిపిస్తే మేకు కొట్టకుండా ఉండలేని జాతి మనది. (అద్దె గోడైతే ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడు కొడతాం.) ఇంత గిరాకీ ఉన్న విద్యని కొందరు పనివాళ్లు ఫోన్లో వీడియోలు తీసి, కిటుకులతో సహా లోకమంతటికీ ఉచితంగా చూపించేస్తున్నారు. కొంప ముంచుకుంటున్నారని దాచుకునే మేస్త్రీల వాదన. వాళ్లు మునగడం లేదు, ఆ వృత్తినే ఒడ్డుకి లాగుతున్నారని నా వాదన.

ఎందుకంటే ఈ విద్యంతా పటం వెనకే ఉంది. ముందువైపు బంగారు రంగు బీడింగు, తళతళలాడే అద్దం చూసి మనం డబ్బులిస్తాం. ఆ పటం పదేళ్లు బతుకుతుందా, రెండు వానాకాలాలకే చస్తుందా అన్నది మాత్రం గోడవైపు తిరిగి ఉన్న ముఖం తేలుస్తుంది. ఫొటో కాగితం మీది జిలటిన్ పొర తేమ తగిలితే మెత్తబడుతుంది. అద్దానికి ఆనించి బిగిస్తే అద్దానికే అతుక్కుపోతుంది. పీకబోతే పెళ్లికొడుకు ఫొటోలో ఉంటాడు, ఆయన మీసం అద్దం మీద ఉంటుంది. మధ్యలో అట్టతో మౌంటు వేసి కాస్త ఖాళీ వదిలితే ఈ కాపురం చెడదు. వెనక పాత న్యూస్‌పేపరు కూరితే అందులోని ఆమ్లం ఫొటోకి పాకి పసుపు మచ్చలేస్తుంది. కింది రెండు మూలల వెనక బొత్తాలంత రబ్బరు ముక్కలు అంటిస్తే గోడకీ పటానికీ మధ్య గాలాడుతుంది, చెమ్మ పట్టదు. రూపాయో రెండో ఖర్చు. అది పెట్టాడో లేదో కొనేవాడు చూడడు, చూసినా దేనికో తెలీదు. దాపరికం ఇలాంటిచోటే బాగా పండుతుంది. నిజరూపం ఏడాదికోసారి, అదీ వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే చూపించడం అప్పన్నకి చెల్లింది. మిగతా రోజులన్నీ ఆయన చందనం వెనక ఉన్నా భక్తులకి నష్టం లేదు. పటం కట్టేవాడు తన పనిని బ్రౌన్ పేపరు వెనక దాచడం అంత పుణ్యకార్యం కాదు.

"అన్నీ చూపిస్తే ప్రతివాడూ ఇంట్లోనే కట్టుకుంటాడు" అనేది మొదటి అభ్యంతరం. దీనికి లెక్కల మాస్టారే సమాధానం చెబుతాడు. పటానికి నాలుగు బద్దలు, ఎనిమిది కోతలు, ఒక్కోటి 45 డిగ్రీలు. కోతకి అర డిగ్రీ తగ్గిందనుకోండి, కంటికి కనిపించదు. మూడు మూలలు ముద్దుగా కలుస్తాయి. ఎనిమిది అరలూ కలిసి నాలుగు డిగ్రీలై, నాలుగో మూలలో నోరు తెరుస్తాయి. అప్పుడు ఇంటాయన రంపంపొట్టులో ఫెవికాల్ కలిపి ఆ నోరు మూయడానికి తంటాలు పడి, మర్నాడు పొద్దున్నే కొట్టుకి నడుస్తాడు. ఈసారి బేరమాడకుండా. వీడియో చూసినవాడు పోటీదారుడవడం మాట అటుంచి, ఆ పని ఖరీదు తెలిసిన ఖాతాదారుడవుతున్నాడు. ఎదురుగా లేని గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లలో మనకి తెలిసిన మొదటివాడు ఏకలవ్యుడు. మట్టిబొమ్మని చూస్తే ఆయనకి విలువిద్య రాలేదు. అడవిలో ఒంటరిగా వేసి వేసి తప్పిన బాణాల వల్ల వచ్చింది. గురుదక్షిణగా బొటనవేలు ఇచ్చుకోవలసి వచ్చింది. ఈ కాలపు శిష్యులూ వీడియో కింద బొటనవేలే సమర్పిస్తున్నారు, కాకపోతే బొమ్మది. అసలు వేలు వాళ్ల దగ్గరే ఉంటుంది, అద్దం కోసే వజ్రం పట్టుకుంటే తప్ప దానికి పని తెలీదు.

దాచుకున్నవాళ్లకి ఏం దక్కిందో పటంలోని అద్దాన్నే అడగొచ్చు. వెనిస్ ప్రభువులు 1291లో గాజుకొలుములన్నిటినీ మురానో దీవికి తరలించారు. ఊరు తగలబడుతుందన్న భయం సరే, రహస్యం పొక్కకూడదన్న జాగ్రత్త కూడా దానికి తోడైంది. పనివాళ్లు వెనిస్ రాజ్యం దాటిపోకూడదు. ఇంత చేసినా ఫ్రాన్సు మంత్రి కోల్బేర్ ఆశలు చూపి కొందరిని లాక్కుపోయాడు. 1665లో అక్కడ రాజుగారి అద్దాల కంపెనీ మొదలైంది. ఆ కంపెనీయే ఇవాళ్టి సెయింట్ గోబెన్, 2000 నుంచి మన పక్క రాష్ట్రం శ్రీపెరుంబుదూరులో అద్దాలు చేస్తోంది. ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ ఇందుకు తలకిందులుగా నడిచింది. కరిగిన తగరం మీద కరిగిన గాజుని తేల్చి నున్నటి పలక తీసే పద్ధతిని 1952 నుంచి ఏళ్లతరబడి తంటాలుపడి సాధించి, 1959లో ప్రకటించి, తర్వాత పోటీ కంపెనీలకే లైసెన్సులిచ్చింది. లోకంలో పలక అద్దాలు చేసేవాళ్లు దాదాపు అంతా ఆ దారికే వచ్చారు. "వాళ్లు డబ్బు పుచ్చుకుని చెప్పారు, మేం ఊరికే చెప్పాలా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అద్దం బిగించిన పటం ప్రయాణాలకి పనికిరాదు. భీమవరంవాడు పటం కట్టించుకోవడానికి పరవాడ రాడు, పరవాడ పటం బస్సెక్కి భీమవరం చేరదు. అంచేత భీమవరం మేస్త్రీకి కిటుకు చెబితే పోయేదేమీ లేదు, ఆయన తిరిగి చెప్పేది లాభం. పక్క వీధి కొట్టువాడూ ఆ వీడియో చూస్తాడు కదా అంటే, చూస్తాడు. ఆయనకది కొత్త కాదు. చాలా ఊళ్లలో పక్క వీధి కొట్టువాడంటే, ఒకప్పుడు ఈ కొట్లోనే టీలు తెచ్చిన కుర్రాడు.

నాకు కాస్త గట్టిగా తోచే అభ్యంతరం ఒకటుంది: తప్పుడు విద్య కూడా అంతే వేగంగా పాకుతుందని. నిజం. తాతగారి ఒక్కగానొక్క ఫొటోని ప్లైవుడ్డుకి జిగురుతో నిండా అంటించెయ్యమని నవ్వుతూ చెప్పేవాడూ ఉంటాడు. అంటించాక బ్రహ్మదేవుడు కూడా దాన్ని ఊడదీయలేడు. ఎడారి దేశంలో కూర్చున్న పెద్దమనిషి చెప్పిన పద్ధతి ముత్యాలమ్మపాలెం వైపు నుంచి వీచే ఉప్పుగాలి ముందు చెల్లదు. 2022 ఏప్రిల్ 4న పరవాడ విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకి మారింది గానీ, ఆ గెజెట్ సముద్రానికి ఇంకా చేరినట్టు లేదు. ఇక్కడి ఇనుప మేకు మునుపటిలాగే తుప్పు పడుతోంది. అయితే దాచిన విద్యలో తప్పులు లేవా? గురువుగారు న్యూస్‌పేపరు కూరితే శిష్యుడు కూరాడు, వాడి శిష్యుడూ కూరాడు, అడిగిన పాపాన పోయినవాడు లేడు. నలుగురిలో చూపించిన తప్పుని దిద్దడానికి కనీసం ఒక్కడు ఎగబడతాడు. ఉచితంగా తప్పులు పట్టే పనికి మనవాళ్లలో కరువెప్పుడూ లేదు. ఎడారి సలహా ఇక్కడ పనికిరాదని చెప్పవలసింది కూడా ఉప్పుగాలిలో ముప్పై ఏళ్లు మేకులు కొట్టినవాడే. ఆయన నోరు మూసుకుంటే, మన కుర్రాళ్లకి ఎడారి పెద్దమనిషే దిక్కు.

ఇక మిగిలింది కొనేవాళ్ల బెడద. నాలుగు వీడియోలు చూసి కొట్టుకొచ్చినవాడు "మౌంటు ఏదండీ, రబ్బరు ముక్కలేవండీ, వెనక ఏం పెట్టారండీ" అని ప్రాణం తీస్తాడని మేస్త్రీల భయం. తీస్తాడు, అందులో అనుమానం లేదు. కట్టిన పటాన్ని చేతిలోకి తీసుకుని, పెళ్లికూతురి ముఖమైనా చూడకుండా బోర్లా తిప్పుతాడు. అన్నీ సరిగ్గా ఉంటే, వెనక్కి తిప్పి ముఖం చూసి, కూతురి ఫొటో బదులు మేనకోడలి ఫొటో బిగించారేంటని అడుగుతాడు.