తాతగారికి అపాయింట్‌మెంట్ లేదు

అయ్యా, ఈ వేసవికి మీరు కూడా మనవడి ఊళ్ళోనే ఉన్నట్టయితే తలుపు దగ్గరగా వేసుకుని ఇది చదవండి. కోడళ్ళ కంటపడితే అపార్థాలొస్తాయి.

మాది తెనాలి. "రోహిణికార్తెలో అక్కడేం మాడతారు నాన్నా, బెంగళూరు వచ్చెయ్యండి, చల్లగా ఉంటుంది, పిల్లాడికీ సెలవులే" అన్నాడు అబ్బాయి. సరేనని శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పెద్దవాళ్ళకిచ్చే రాయితీ 2020 మార్చిలో పోయింది కాబట్టి టికెట్‌కి పూర్తి డబ్బులే పెట్టాం. పెట్టినందుకు పై బెర్త్ ఇచ్చారు.

చల్లదనం సంగతి ముందే తేల్చేద్దాం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉందని బళ్ళో చదువుకున్నాం. ఆ ఎత్తు అలాగే ఉంది, చలవే ఎటో దిగిపోయింది. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ ఎండ 39 డిగ్రీలు దాటింది. మా తెనాలిలో అంతకు మించే కాస్తుంది, కాదనను. కానీ చల్లగా ఉందని ఎవరూ దబాయించరు.

అబ్బాయి ఫ్లాట్‌లో పడగ్గదులు రెండు. ఒకటి వాళ్ళది. రెండోది ఆఫీసు: పగలు కోడలిది, రాత్రి అమెరికావాళ్ళది. అంచేత పక్క అపార్ట్‌మెంట్‌లో మాకో చిన్న ఫ్లాట్ అద్దెకి తీశారు. "గోడవతలే కదా మావయ్యగారూ" అంది కోడలు. నిజమే. గోడ ఒకటే. గేట్లు రెండు.

సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరైనవాణ్ణి. సర్వీసంతా బిల్లులకి అబ్జెక్షన్ రాసి వెనక్కి తిప్పి పంపిన చెయ్యి ఇది. ఆ చేతిలో మునక్కాడల సంచి పట్టుకుని మనవడి గేటు ముందు నిలబడితే, కాపలా కుర్రాడు పేరడుగుతాడు, ఫ్లాట్ నంబరడుగుతాడు, ఫోన్ నంబరడుగుతాడు, ఫొటో తీస్తాడు, కోడలి ఫోన్‌కి కబురు పంపుతాడు. ఆవిడ మీటింగులో ఉంటుంది, చూసుకోదు. ఈలోగా కొరియర్ కుర్రాడు వెళ్ళాడు, పిజ్జా వెళ్ళింది, ఎవరిదో కుక్కపిల్లకి క్షౌరం చెయ్యడానికొచ్చినాయన కూడా దర్జాగా వెళ్ళాడు. నేను మాత్రం ఎండలో. చివరికి "ఏం పని మీద వచ్చారు అంకుల్?" అని హిందీలో అడిగాడు. మనవణ్ణి చూడాలన్నాను. పాపం, ఫోన్‌లో పైకీ కిందికీ వెతికాడు. డెలివరీ ఉంది, క్యాబ్ ఉంది, రిపేరు ఉంది, పనిమనిషి ఉంది. తాత లేడు. 'ఇతరములు' కింద లోపలికి పంపాడు.

పెన్షనర్లం, బతికే ఉన్నామని ఏటా రుజువు చేసుకోవడం మనకి కొత్తా? 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఆ ముచ్చట వేలిముద్రతో తీరిపోతోంది. తాతత్వ ధ్రువీకరణ పత్రమే ఇంకా ఏ ప్రభుత్వమూ ప్రవేశపెట్టలేదు.

సరే, లోపలికి వెళ్ళాను. వెళితే మనవడు లేడు. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన కాగితం ఉంది. ఆరేళ్ళవాడి వేసవి సెలవులవి: తెల్లారి ఈత, టిఫినవగానే రోబోలు, తర్వాత అబాకస్, మధ్యాహ్నం మట్టితో బొమ్మలు, సాయంత్రం స్కేటింగ్. మట్టి పిసకడానికి ఫీజు ఎంతో అడిగి తెలుసుకుని మంచినీళ్ళు తాగాను. మా ఊళ్ళో అదే మట్టి పిసికితే వీపు పగిలేది, అదీ ఉచితంగానే. కాగితం అడుగున, శనివారం గడిలో, నాలుగు నుంచి నాలుగున్నర దాకా 'తాత, నాయనమ్మ' అని ఆకుపచ్చ సిరాతో రాసుంది. ఆ అరగంట కోసం మర్యాద రామన్న కథ ఒకటి వారమంతా నెమరేసుకున్నాను. దొంగల దాకా వచ్చేసరికి వాడు చెయ్యెత్తి, "తాతా, దీనికి వీడియో ఉందా?" అన్నాడు. లేదన్నాను. కేసు కొట్టేశారు.

నీళ్ళ గురించి పెద్దగా మాట్లాడను, ఎందుకంటే కావేరిని సుమారు 100 కిలోమీటర్ల అవతలి నుంచి ఈ గుట్టల మీదికి తోడి పోస్తున్నారు. 2024 వేసవిలో బోర్లెండిపోయి, మంచినీళ్ళతో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అన్న ఊరిది. అప్పటినుంచీ కుళాయిల మూతికి జల్లెడ బిళ్ళలు బిగించారు. ధర్మమే. కానీ కృష్ణ కాలవలో మునకలేసి పెరిగిన ఒళ్ళు కదండీ. నేను చేస్తున్నది స్నానమో, నాకు జరుగుతున్నది సంప్రోక్షణమో తేల్చుకోలేకపోతున్నాను.

ఇక అసలు విషాదం, మాగాయ.

మొదట అనుకున్నది ఆవకాయే. కారం, ఆవపిండి, నువ్వులనూనె మా ఆవిడ తెనాలి నుంచే మోసుకొచ్చింది. టెంక గట్టిపడ్డ పుల్లటి కాయ కోసం మార్కెట్లన్నీ తిరిగాం. ఎక్కడ చూసినా కలెక్టర్ కాయే, ఇక్కడ తోతాపురి అంటారు. కలెక్టరైతే మాత్రం, ఆవకాయలో ఆయన మాట చెల్లదు. పోనీ మాగాయ పెడదామంది. చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూడురోజులు ఊరేసి, పిండి, పాత నేతచీర మీద పరవడానికి మేడ మీదికి వెళ్ళింది. మేడకి తాళం. తాళం పక్కన నోటీసు: ఉమ్మడి స్థలాల్లో బట్టలు గాని, తినే పదార్థాలు గాని ఆరబెట్టరాదు. మా బాల్కనీ ఉత్తరం వైపు, ఎండ తొంగి కూడా చూడదు. ఊరంతా మాడిపోతోంది, మామిడి ముక్కకి మాత్రం ఎండ మంజూరు కాలేదు! ముక్కల బేసిన్ ఒక చేత్తో, ఊట గిన్నె ఇంకో చేత్తో పట్టుకుని మా ఆవిడ లిఫ్టులో కిందికీ పైకీ తిరిగింది. అబ్బాయి వచ్చి, "దానికేముందమ్మా, అవెన్‌లో పెట్టేద్దాం" అన్నాడు. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

సాయంత్రాలు స్కేటింగ్ ఆవరణ పక్కన సిమెంటు బల్లల మీద మా సభ. ఒంగోలు హెడ్మాస్టరుగారు, భీమవరం రైసుమిల్లాయన, కరీంనగర్ నుంచి కరెంటాఫీసు ఏఈగారు, అనంతపురం నుంచి అప్పుడప్పుడూ ఓ డాక్టరుగారు. ఎవరి గేటు బాధ వారిది, ఎవరి ఫ్రిజ్ మీది కాగితం వారిది. ఏఈగారికి శనివారం కూడా లేదు, నెలకో ఆదివారమట. నిన్న ఇక ఉండబట్టలేక లేచి తీర్మానం ప్రవేశపెట్టాను. తాతలకి వారానికి అరగంట అన్నది సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం, రోజుకో గంట చొప్పున మంజూరు చెయ్యాలి, ఈ మేరకు కొడుకులకీ కోడళ్ళకీ ఉమ్మడి మహజరు సమర్పించాలి. బలపరచడానికి హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

విజిల్ మోగింది. క్లాసయిపోయింది. హెడ్మాస్టరుగారు నీళ్ళ సీసాతో పరిగెత్తారు, రైసుమిల్లాయన తువ్వాలుతో, ఏఈగారు మోకాలి పట్టీలు విప్పడానికి. మావాడు కాళ్ళు నా ఒళ్ళో పెట్టి "తాతా, లేసు" అన్నాడు.

కోరం లేక సభ వాయిదా పడింది.