వాల్వుల బాబాయి

మా బాబాయి ఆంప్లిఫయరుకి పైమూత ఉండదు. చిల్లులున్న ఇనప మూత కదా, బాగా గాలాడుతుందని పిన్ని వడియాలు ఆరబెట్టుకోవడానికి పట్టుకుపోయింది. ఆయన అడగనూ లేదు. వారానికి మూడుసార్లు వాల్వులు మార్చేవాడికి మూతతో పనేముంది?

వాల్వులంటే పాతకాలం రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజుబుడ్లే. ఈయన సెట్టులో ముందువరస ఈసీసీ83లు, వెనక ఈఎల్84లు. మొదట్లో ఒక ఈఎల్84 మూలిగింది. కోఠీ వెళ్లి మార్చాడు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కొత్తది వేడెక్కి పాట మొదలవగానే, "ఒరేయ్, లీల గొంతులో గాలి తగ్గిందిరా" అన్నాడు. ఆ గాలి కోసం ఇప్పటికి ఇరవై మూడు వాల్వులు కొన్నాడు. వాల్వులో ఉండకూడనిది గాలేనని అప్పుడే అనాల్సింది, నోరు రాలేదు.

ఓ ఆదివారం నన్ను ఎర్రగడ్డ సంతకి లాక్కెళ్లాడు. పాత మిక్సీలు, తుప్పు పట్టిన టేబుల్ ఫ్యాన్ల మధ్య గోనెపట్టా మీద వాల్వుల కుప్ప. అక్కడే గొంతుక్కూచుని ఒకటి తీసి వెలుతురుకి పెట్టాడు. నెత్తిన వెండిపూత మెరుస్తోంది. అది తెల్లబడితే లోపలికి గాలి చొరబడ్డట్టేనట. తర్వాత పిన్ని పంచాంగం చూసుకునే భూతద్దం జేబులోంచి తీసి, గాజు అడుగున చెక్కిన అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"బీ ఉందిరా! బ్లాక్‌బర్న్! ములార్డ్ వాళ్ల ఫ్యాక్టరీ!"

ఆనందం పట్టలేక కర్చీఫుతో తుడిచాడు. 'ములార్డ్' అన్న తెల్లక్షరాలు కర్చీఫుకి అంటుకొచ్చేశాయి. బాబాయి మొహం పాలిపోయింది.

"అసలుదైతేనే చెరుగుద్ది సార్, డూప్లికేట్‌ది గట్టిగుంటది" అన్నాడు కొట్టతను. అతనన్నది అబద్ధమేం కాదట, ఆ రంగు నిజంగానే అంత అల్పాయుష్షుదట. పక్కనే మన బెంగళూరు బెల్ వాళ్ల ఈఎల్84 ఉంది, సగం ధరకే. బాబాయి దానికేసి చూడనైనా చూడలేదు.

ఇక జత కలపడం. కూతురి పెళ్లికి జాతకాలు చూపించని మనిషి, ఈఎల్84ల దగ్గర మాత్రం మీటరు పట్టుకుని కూచుంటాడు. ఒకటి 38 మిల్లీయాంపులు లాగింది, రెండోది 41. "కుదరదు" అని తలడ్డంగా ఊపాడు. ఆ జంట ఇప్పుడు అట్టపెట్టెలో ఎడమొహం పెడమొహంగా పడుంది.

ఎన్ని మార్చినా పరీక్ష రికార్డు ఒక్కటే, మాయాబజార్ యుగళగీతం. అదీ పల్లవి వరకే. పల్లవి అవగానే లేచి ఏదో ఒక వాల్వు పీకుతాడు. మొన్న మాత్రం పల్లవి దాటినా కదల్లేదు. నాకు గుండె ఆగినంత పనైంది. అంతటి విశేషం వినాలని పిన్ని వంటింట్లో మిక్సీ ఆపింది.

"అదిగో!" అని బాబాయి లేచాడు. "మిక్సీ ఆగేసరికి హమ్ బయటపడింది."

స్విచ్చి కట్టేశాడు. కెపాసిటర్లలో కరెంటు దిగాలి, గాజు చల్లారాలి. అప్పటిదాకా చెయ్యి పెట్టకూడదు. ఈలోగా పిన్ని మిగతా పాటంతా తాపీగా, ఒక్క మాట తప్పకుండా పాడేసింది. బాబాయి నోటుబుక్కులో 'ఎడమది, మూలుగు' అని రాసుకుంటున్నాడు.