కారుకి తలంటు

కారు కడగడం ఎవరైనా చేస్తారు. పైపు చేతిలో ఉన్నంతసేపూ మనమే మొనగాళ్ళం. కుళాయి కట్టేశాక మొదలవుతుంది అసలు పరీక్ష. ఒళ్ళంతా నీళ్ళతో నిలబడ్డ ఆ కారుని ఆరబెట్టాలి, అదీ ఎండ దాని మీద పడేలోపు.

అంత తొందర ఎందుకంటే, మాది హైదరాబాదులో బోరు మీద బతికే అపార్ట్‌మెంటు. తాగడానికి మాత్రం కృష్ణా నీళ్ళు, మిగతా వైభోగమంతా బోరుదే. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే గతి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ అంటుంది. మా బోరు నీటి సంగతి గీజర్లు బాగుచేసే కుర్రాడికి తెలుసు. గీజరు విప్పిన ప్రతిసారీ లోపలి కాయిల్ని చూసి, తర్వాత మావైపు జాలిగా చూస్తాడు. ఆ నీళ్ళు కారు మీద వాటంతటవే ఆరితే నీరు గాలిలోకి పోతుంది, సున్నం మనకి మిగులుతుంది. చుక్కకో తెల్లమచ్చ. మాది నల్లకారు. కడగకముందు మట్టి పట్టినా ఒంటినిండా ఒకే రంగులో ఉండేది, కడిగాకే మచ్చలొచ్చాయి.

గుడ్డతో తుడిస్తే పోలా అంటారు. మా వాచ్‌మన్ రోజూ తుడుస్తాడు. ఒక బకెట్టు, ఒక గుడ్డ, సెల్లారులోని కార్లన్నీ. చివరి కారు దగ్గరికి వచ్చేసరికి బకెట్లో నీళ్ళకంటే మట్టి ఎక్కువ ఉంటుంది. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పూత మన తలవెంట్రుక కంటే పలచన. గుడ్డలో ఇరుక్కున్న ఇసుకరేణువు దాని మీద గుండ్రంగా తిరుగుతూ గీతలు గీస్తుంది. నీడలో ఏమీ కనపడదు. పెళ్ళికి వెళ్ళి మండపం లైట్ల కింద పార్క్ చేసినప్పుడు, సరిగ్గా వియ్యంకుడుగారు పక్కన నిలబడ్డప్పుడు, గీతలన్నీ ఒక్కసారి దర్శనమిస్తాయి.

అందుకని బ్లోయరు కొన్నాను. చేత్తో పట్టుకునే 600 వాట్ల సరుకు. కంప్యూటర్లలో, ఏసీల్లో దుమ్ము ఊదడానికి అమ్ముతారు గానీ, గాలికి తానెందుకు పుట్టిందో తెలియదు కదా.

దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సహా కిందికి దింపిన రోజు మా అమ్మ మెట్లు దిగి వచ్చింది. "ఒరేయ్, చిన్నప్పుడు నీకు తలంటు పోస్తే తుడవనివ్వకుండా వీధి చివరిదాకా పరిగెత్తేవాడివి. దీనికి ఇంత సేవేమిట్రా?" అంది. కాసేపు నిలబడి చూసి, "ఎలాగూ ఆరబెడుతున్నావుగా, కాస్త సాంబ్రాణి కూడా పట్టు" అని పైకి వెళ్ళిపోయింది.

ఇందులో శాస్త్రం కొంచెం ఉంది. బ్లోయరు నీటిని ఆవిరి చెయ్యదు, తోస్తుంది. పెద్దచుక్క బరువుకి జారిపోతుంది, చిన్నచుక్క మాత్రం రంగుని గట్టిగా కరుచుకుని ఎంత ఊదినా అక్కడే వణుకుతూ కూర్చుంటుంది. వ్యాక్స్ పట్టించిన కారు మీద నీళ్ళు పూసల్లా విడిపోయి పరిగెడతాయి. ఏళ్ళ తరబడి ఏమీ పట్టించని కారు మీద పలచగా పరుచుకుంటాయి, అప్పుడు మీరు తుఫాను తెచ్చినా లాభం లేదు. మరో చిట్కా కూడా ఉంది. పైపుకున్న నాజిలు తీసేసి, కప్పు మీద నుంచి నీళ్ళని మెల్లగా ఒకే ధారగా వదిలితే, ఆ ధారే దారిలోని చుక్కలన్నిటినీ కలుపుకుని దిగిపోతుంది. సగం పని కరెంటు లేకుండానే అయిపోతుంది. మిగిలినదాన్ని కప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి ఊదుకుంటూ రావాలి. అంతకుముందు బ్లోయరుని ఒకసారి ఖాళీ నేల మీదికి ఊదించాలి, లేకపోతే మొన్న ఏసీలోంచి తీసిన దుమ్మంతా తడికారుకి అక్షింతలవుతుంది.

ఖాళీ నేల అన్నాను గానీ, అపార్ట్‌మెంట్లో ఖాళీ నేల ఎక్కడుంది? గ్రౌండ్‌ఫ్లోర్ ఆవిడ తెల్లవారుజామునే లేచి గుమ్మం ముందు చుక్కల ముగ్గు వేస్తారు. బ్లోయరు మూతి అటు తిరిగింది. చుక్కలూ గీతలూ అన్నీ కలిసి ఒక తెల్లటి మేఘమై లేచి, వచ్చి వచ్చి మా నల్లకారు మీదే వాలాయి. ఆవిడ బయటికి వచ్చి నేలవంకా కారువంకా మార్చి మార్చి చూసి, "అన్నయ్యగారూ, రేపట్నించి ముగ్గు నేరుగా మీ బానెట్ మీదే వేసేస్తాను లెండి, ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది" అన్నారు.

బ్లోయరు శబ్దానికి లేచిన మూడో అంతస్తు పెద్దాయన ఇంకో ప్రశ్న తెచ్చారు. "ఏమోయ్, ఈ కరెంటు ఎవరి మీటరు మీద తిరుగుతోంది?" కామన్ మీటరు మీద. అసోసియేషన్ మీటింగులో లెక్క తేలింది: 600 వాట్లు, ఇరవై నిమిషాలు, అంటే 0.2 యూనిట్. యూనిట్ పది రూపాయలనుకున్నా రెండు రూపాయలు. ఆ రెండు రూపాయల మీద చర్చ నడుస్తున్నంతసేపూ మీటింగు హాల్లో రెండు ఏసీలు నడుస్తూనే, ఆరు ట్యూబులైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పెద్దాయనే చివరికి రాజీ చెప్పారు: డబ్బులొద్దు, నెలకోసారి బ్లోయరు ఆయన ఇంటికి పంపాలి, కిటికీ దోమతెరలు దులుపుకోవడానికి.

ఇక కారు సంగతి. పైపైన అంతా ఆరిందని మురిసిపోయేలోపు దాక్కున్న నీళ్ళు బయటికి రావడం మొదలవుతుంది. డోరు హ్యాండిల్ వెనక, కంపెనీ లోగో అక్షరాల సందుల్లో, నంబరు ప్లేటు కింద, పెట్రోలు మూత లోపల, వెనక లైటు అంచున. వీటన్నిటికీ గాలే గతి, ఏ గుడ్డా అంత లోపలికి దూరదు. బ్లోయరు ధర అక్కడే గిట్టుబాటయింది. కానీ సైడు అద్దం ఉందే, అది మహామాయ. ఎంత ఊదినా లోపల ఒక గ్లాసెడు దాచుకుంటుంది. మీరు బ్లోయరు ఆపి, తీగ చుట్టి, చెప్పులు వేసుకుని లిఫ్ట్ ఎక్కేదాకా ఓపిక పట్టి, అప్పుడు తలుపు మీదుగా ఒక్క ధార వదులుతుంది.

అమెరికాలో ఈ తంటా ఉండదనుకునేవాణ్ణి. అక్కడ కారు ఒక సొరంగంలోంచి వెళుతుంటే అటూ ఇటూ బ్రష్షులు తోమి, చివర పెద్ద పెద్ద బ్లోయర్లు హోరుమని ఊదేస్తాయి. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకుని అడిగితే, "నిజమే మామయ్యా, అద్భుతంగా ఆరుతుంది. బయటికొచ్చాక అందరం పక్కన ఆపుకుని సైడు అద్దాలు తుడుచుకుంటాం" అన్నాడు. అద్దానికి దేశభేదం లేదు.

బెంగళూరులో మా బావమరిదిని మాత్రం ఈ విషయంలో కదిపితే మండిపడతాడు. 2024 మార్చిలో అక్కడ నీటికరువు వచ్చినప్పుడు, తాగేనీటితో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆరబెట్టే సమస్యకి అంతకంటే శాశ్వత పరిష్కారం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

నా తీర్పు ఇదీ. బానెట్, కప్పు, తలుపులు వంటి విశాలమైన చోట్లకి శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డే మేలు, రుద్దకుండా పరిచి అద్దితే చాలు. గాలిని సందుల కోసం దాచుకోండి. ఆ తర్వాత కారుని కాలనీ చుట్టూ ఒకసారి తిప్పి, నాలుగుచోట్ల మెల్లగా బ్రేకు తొక్కండి. అద్దంలో దాగినది అక్కడే కారిపోతుంది, తడికి తుప్పుపొర పట్టే బ్రేకు డిస్కులూ ఆరతాయి. కొత్తగా దుమ్ము పడుతుంది, దానికి నన్నడక్కండి.

కొనేవాళ్ళకి ఒక్కమాట. డబ్బా మీద వాట్లు చూసి మురిసిపోకండి, తీగ ఎంత పొడవుందో చూడండి. ప్లగ్గు గోడకే ఉంటుంది, కారు చుట్టూ తిరగాల్సింది మీరే.