నిలువుగీత గోడు

కీబోర్డు మీద ఎంటర్ కీకి నెత్తిన, బ్యాక్‌స్లాష్‌తో ఒకే గదిలో నా కాపురం. షిఫ్ట్ నొక్కితే తప్ప బయటికి రాను. ఈ ల్యాప్‌టాప్‌లో పక్క కీల మీద అక్షరాలు అరిగి చెరిగిపోయాయి. నా మీది అచ్చు మాత్రం కొన్ననాటిలాగే మెరుస్తోంది. అది గొప్ప సంగతేం కాదు.

నాదీ పేరున్న వంశమే. ఒక ప్రోగ్రాము వదిలినదాన్ని తోటగొట్టంలా ఇంకో ప్రోగ్రాముకి తగిలించుకునే వీలుండాలని 1964లోనే డగ్ మెక్‌ఇల్రాయ్ రాసిపెట్టాడు. ఏళ్లతరబడి అదే పాట పాడాడు. చివరికి 1973లో, బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ ఒక్క రాత్రిలో నన్ను యూనిక్స్‌లో పెట్టేశాడు. ఈ నిలువు రూపం కాస్త తర్వాత కుదిరింది.

సొంతంగా నాకే పనీ రాదు. ఎడమవాడు పోసింది కుడివాడికి అందిస్తాను, అంతే. లినక్స్‌లో నా కడుపు మామూలుగా 64 కేబీ. నిండితే పోసేవాణ్ని ఆపుతాను, తాగేవాడు ఖాళీ చేశాక మళ్లీ రానిస్తాను. ఎంత పెద్ద ఫైలైనా అలాగే దాటిస్తాను.

ఇంత పనికొచ్చేదాన్ని పెట్టుకుని, ఈ ల్యాప్‌టాప్ వాడే మావాడు ఏం చేశాడనుకున్నారు? ఏ ఐపీ అడ్రసు ఎక్కువసార్లు వచ్చిందో సర్వర్ లాగ్‌లోంచి తేల్చమన్నారు. వరుసలన్నీ మౌస్‌తో పట్టి, ఎక్సెల్‌లో అతికించి, రంగులు వేసుకుంటూ సాయంత్రం దాకా లెక్కపెట్టాడు. కట్‌తో మొదటి గడి తెంపి, సార్ట్‌కి పంపి, యునిక్ -సి తో లెక్కించి, సార్ట్ -ఎన్ఆర్ తో పెద్దవి పైకి తెచ్చి, హెడ్‌తో పది తీసుకుంటే సరిపోయేది. మధ్యలో నాలుగు చోట్ల నన్ను నిలబెడితే చాలు.

ఒకసారి నిలబెట్టాడు కూడా, కాని మొదటి సార్ట్ వదిలేశాడు. యునిక్‌కి పక్కపక్కనున్న జంటలే కనబడతాయి. లెక్క తప్పింది. తిట్లు నాకు!

ఇంకోసారి పాత ఫైళ్లు తీసేద్దామని, ఫైండ్ ఇచ్చిన పేర్లని నా మీదుగా ఎక్స్‌ఆర్గ్స్ ఆర్ఎంకి తోశాడు. వాటిలో ఒకటి ‘పెళ్లి ఫొటోలు.జిప్’. ఖాళీ కనబడితే చాలు, ఎక్స్‌ఆర్గ్స్ పేరుని రెండు చేస్తుంది. ఆర్ఎం ‘పెళ్లి’ లేదంది, ‘ఫొటోలు.జిప్’ లేదంది. (ఆ పేరుతో ఇంకో ఫైలుంటే అదీ పోయేది.) ఫైండ్‌కి -ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌కి -0 తగిలిస్తే ఈ గొడవే ఉండదు. మావాడు అది తెలుసుకోలేదు. టెర్మినల్ బొమ్మనే కిందపట్టీలోంచి పీకేశాడు.

ఆ తర్వాత నా బతుకు మురుకుల పొడిలో గడిచింది. కీ సందుల్లో చేరిన పొడిని ఊదేవాళ్లు లేరు. పక్కింటి ఎంటర్ మీద రోజంతా వేళ్లు పడుతుంటే వింటూ కూర్చునేదాన్ని. నా కోసం షిఫ్ట్ కదిలిన రోజు లేదు.

మొన్న ఏఐని ఏదో ఇన్‌స్టాల్ చెయ్యడం ఎలాగని అడిగాడు. జవాబులో నేనున్నాను. కర్ల్ నెట్‌లోంచి తెచ్చింది తెచ్చినట్టు నా మీదుగా సుడో బ్యాష్‌కి! ముందు ఫైలులో దింపుకుని లెస్‌తో చదవాల్సిన సరుకది. నా కీ నొక్కకుండానే నన్ను కాపీ చేసి అతికించాడు. వచ్చిందేమిటో నేను చూడను, అది నా పని కాదు. చూడాల్సినవాడు ఎంటర్ కొట్టేసి, ఫోన్ మోగితే అటు లేచాడు.