తొలి గ్రహం వర్ని దగ్గర

బోధన్‌లో ఓ డిగ్రీ కుర్రాడు మూడు రాత్రులుగా అంతరిక్ష సామ్రాజ్యం కడుతున్నాడు, కంప్యూటర్లో. చేతిలో ఉన్నది ఒక్కటే వలస నౌక. పక్కనే ఉన్న ఎండు గ్రహం మీద దింపాలా, దూరమైనా నీళ్లున్న గ్రహానికి పంపాలా అని తల పట్టుకున్నాడు.

మంచం మీద తాతకు నవ్వొచ్చింది. "ఇందులో ఆలోచించేదేముందిరా? 1931కి మంజీర మీద నిజాంసాగర్ లేచింది. కాలువ పారుతోందని తెలియగానే మా నాన్న గుంటూరులో ఉన్నదమ్ముకుని వర్ని దగ్గర దిగాడు. ముందు నీళ్లు, తర్వాతే జెండా!"

నిజమే. అలా దిగినవాళ్ల ఊళ్లకు ఇప్పటికీ 'క్యాంపు' అనే పేరు. మూడు తరాలు దాటినా, మేడలు లేచినా, కాగితం మీద మాత్రం ఇంకా డేరాయే! ఆటలో గ్రహం 'ఖాళీ' అని ముందే రాసుంటుంది. ఇక్కడ అప్పటికే ఊళ్లున్నాయి, చెరువులున్నాయి, రైతులున్నారు. ఆ సంగతి తాత ఎత్తలేదు, మనవడు అడగలేదు.

"రెండో మెట్టు ఫ్యాక్టరీ, తాతా."

"మాకూ అంతే. 1937లో నిజాం షుగర్స్ పుట్టింది. చెరకు బళ్లు బారులు తీరేవి."

"మరి ఫ్యాక్టరీ ఆగిపోతే?"

"నువ్వేం చేస్తావు?"

"పాత సేవ్ లోడ్ చేస్తా."

బోధన్ ఫ్యాక్టరీకి తాళం పడింది 2015 డిసెంబరులో. ఆ లోడ్ బటన్ ఎక్కడుందో ప్రతి ఎన్నికలకూ ఓ నాయకుడు వచ్చి శ్రద్ధగా వెతికి పోతున్నాడు.