మండువా ఇల్లు తెగకుండా పంచుకోవడం ఎలా?

పెద్దకర్మ అయ్యేదాకా ఓపిక పట్టండి. అంతకుముందే కదిపితే ఊళ్ళో బాగుండదు. భోజనాలయ్యి చుట్టాలు బస్సెక్కాక, బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయని ఊరికే అడిగినట్టు అడగండి. తక్కినది దానంతట అదే నడుస్తుంది.

మీ నాన్నగారు వదిలివెళ్ళింది కోనసీమలో మండువా లోగిలి అయితే మీరు అదృష్టవంతులు. ఫ్లాటుదేముంది, అమ్మేసి డబ్బు పంచుకుంటే సరి. మండువా ఇంట్లో నాలుగు వసారాల కప్పుల మీది నీళ్ళూ నడుమనున్న మండువాలోకే దిగుతాయి, ఒక్క తూములోంచే బయటికి పోతాయి. కాబట్టి ముందుగా మండువాకి అడ్డంగా గోడ కట్టించండి. తూము ఒకరి వాటాలో పడుతుంది, తొలకరి రెండోవారి వంటింట్లో పడుతుంది. దూలం ఇద్దరిదీ కనక పెంకులు సర్దించే బాధ్యత ఎవరికీ ఉండదు. "నా డబ్బుతో వాడి నెత్తిన కప్పేమిటి?" అన్న మాట ఇద్దరూ నేర్చుకోవాలి. నాలుగు వానాకాలాలు గడిస్తే తగాదాలో సగం దూలమే తీర్చేస్తుంది.

పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకోవడమనే పాత పద్ధతి ఒకటుంది. దాని జోలికి పోకండి, ఒక్క పూటలో తెమిలిపోతుంది. సిద్ధాంతిగారిని పిలవండి. అన్నకు పడమర, తమ్ముడికి తూర్పు అంటారాయన. రోడ్డు తూర్పున ఉంటే అన్నగారు ఇంకో సిద్ధాంతిని చూసుకోవాలి.

ఆడపడుచు సంగతి మాత్రం కాస్త కష్టం. కట్నం ఇచ్చాంగా, పసుపు కుంకుమలు పెడుతున్నాంగా అన్నది ఇళ్ళల్లో ఇప్పటికీ చెల్లుతుంది గానీ కోర్టులో చెల్లదు. తండ్రి స్వార్జితమై, వీలునామా లేకపోతే వారసత్వ చట్టం వచ్చిన 1956 నుంచీ కూతురికీ సమాన వాటాయే (అమ్మకి కూడా. ఇది ఆవిడకి తెలియనివ్వకండి). ఉమ్మడి ఆస్తిలో అయితే ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు నుంచి పెళ్ళికాని కూతుళ్ళకూ హక్కు వచ్చింది. 2005లో పెళ్ళయినవాళ్ళకీ వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండకపోయినా సరేనని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చేసింది. అన్నదమ్ములు పంచుకుంటే తప్ప, వాళ్ళు కాపురమున్న ఇంట్లో వాటా విడదీయమని ఆడపడుచు అడగకూడదనే చక్కటి 23వ సెక్షన్ ఒకటుండేది. 2005లో దాన్నీ తీసేశారు. మగవాళ్ళ గోడు ఎవరు విన్నారు గనక!

ఇక మిగిలిన దారి హక్కు విడుదల దస్తావేజు. సంక్రాంతికి చెల్లెల్ని పిలవండి. అరిసెలు పెట్టండి. పట్టుచీర మడతలో కాగితం ఉంచి, "ఏం లేదమ్మా, ఊరికే, ఓ సంతకం" అనండి. బావగారు చదవడానికి కళ్ళజోడు తీస్తే ఆ ఏటికి పండగ అయిపోయినట్టే. వచ్చే ఏడు చీర ఖర్చు మిగులుతుంది.

అప్పుడు పార్టిషన్ దావా వేయండి. ప్రిలిమినరీ డిక్రీ ఎవరికెంత వాటానో చెబుతుంది. ఏ గది ఎవరిదో చెప్పదు. దానికి ఫైనల్ డిక్రీ కావాలి, ఈలోపల అడ్వొకేట్ కమిషనర్ టేపు పట్టుకుని వస్తారు. ఇల్లు ముక్కలు చేయడానికి వీల్లేదని తేలితే, 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మించి డబ్బు పంచే వీలుంది. పెద్దకర్మ మర్నాడే మీరు చేయగలిగిన పని ఇదే, అయితే అప్పుడు వకీలు ఫీజు ఉండేది కాదు. ఈలోగా కక్షిదారుల్లో ఒకరిద్దరు పోయి, వారసులు రికార్డులోకి వస్తారు. డల్లాస్‌లో పుట్టిన మనవడు తాను చూడని వసారాలో పద్దెనిమిదో వంతుకు హక్కుదారవుతాడు.

ఒక్క జాగ్రత్త. వాయిదాకి అందరూ ఒకే కారులో మాత్రం వెళ్ళకండి. రావులపాలెంలో టీకి ఆగితే రాజీ పడిపోయే ప్రమాదం ఉంది.